పాకం రాని గోదావరి

ఢిల్లీ ద్వారకాలో, మా సొసైటీ కింది అంతస్తు అంకుల్ రిటైరైనప్పటి నుంచి తన ఇంట్లో ఒక గది మొత్తాన్ని బొమ్మ రైలుకి అప్పగించేశాడు. పోయిన ఆదివారం మా వాణ్ణి తీసుకుని చూడ్డానికి వెళ్ళాను. పెద్ద బల్ల మీద కొండలు, సొరంగం, సిగ్నళ్ళు, మధ్యలో ఒక సెలయేరు. అందులో నీళ్ళు ముందురోజే పోశాడట. గదిలో హీటర్ వేసి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, దూరం నుంచి చూడండి, దుమ్ము పడుతుంది అని అందర్నీ అదిలిస్తున్నాడు. మా వాడు వంగి చూసి, "మమ్మీ, యే తో అసలీ పానీ లగ్ రహా హై!" అన్నాడు, అచ్చం నిజం నీళ్ళలా ఉందని. వాడికి తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం హిందీయే వస్తుంది. నేను మాత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే ముక్కుకి తగిలిన వాసన దగ్గరే ఆగిపోయి ఉన్నాను. కొంచెం చేపల వాసన, కొంచెం కొత్త ప్లాస్టిక్ బకెట్టు వాసన, గొంతులో పట్టుకుని వదలదు. ఆ వాసన పీల్చి ఎన్నేళ్ళయిందో! దాని వెనకే అరిసెల పాకం వాసన కూడా రావాలి కదా అని నా ముక్కు వెతుక్కుంది. రాలేదు. అంకుల్ వాళ్ళింట్లో ఆ రోజు రాజ్మా.

మా చిన్నప్పుడు ఇదే ఢిల్లీలో అమ్మ పనిచేసే ఆసుపత్రి క్వార్టర్లలో ఉండేవాళ్ళం. రెండు గదులు, వెనక ఇంత వాకిలి, గోడలకి పసుపు సున్నం. ఇప్పుడక్కడ టవర్లు లేచాయి, గేటు దగ్గర గార్డు లోపలికి కూడా పోనివ్వడు. అమ్మ నర్సు. మా క్వార్టర్ల వరసలో సగం మంది కోస్తా నుంచి వచ్చిన నర్సులే. ఆదివారం చర్చికి వెళ్ళే బస్సు మా వాళ్ళతోనే నిండిపోయేది. నాన్న ఒక సర్కారు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. రోజంతా వంతెనలూ కల్వర్టులూ గీసి, ఇంటికొచ్చి స్వెట్టరైనా విప్పకుండా బొమ్మ రైలు ముందు కూర్చునేవాడు. ఆ రైలు ఆదివారం పాత సామాన్ల బజార్లో దొరికింది. ఎవరో విదేశీ ఆఫీసరు పిల్లలు ఆడి వదిలేసిందట. దానికోసం ముందు గదిలో దివాన్ తీయించేసి ప్లైవుడ్ బల్ల వేయించాడు. చుట్టాలొస్తే కూర్చోడానికి చోటేదని అమ్మ గొడవ పెట్టుకునేది. "మీ చుట్టాలు రైల్లో కూర్చుంటార్లే" అనేవాడు నాన్న.

ఒక చలికాలం మొదట్లో తాతయ్య వచ్చాడు. అమ్మ వాళ్ళ నాన్న. రైలింజను డ్రైవరుగా చేసి రిటైరై సామర్లకోటలో స్థిరపడినవాడు. కంట్లో ఒత్తిడి పెరిగే నీటికాసుల జబ్బు వచ్చి ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోది చాలా వరకు పోయింది. ఎదురుగా చిన్న గుండ్రం మేరకే కనబడేది, దాని చుట్టూ ఏమీ లేదు. కంచంలో కూర కనబడితే పెరుగు కనబడేది కాదు. అమ్మే సెలవు పెట్టి ఊరెళ్ళి, ఆపరేషనుకి ఢిల్లీ తీసుకొచ్చింది. డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. ఆపరేషను చేస్తే మిగిలిన చూపు నిలవొచ్చు. ఒక్కోసారి ఆ మిగిలింది కూడా పోవచ్చు. చేయకపోతే మాత్రం పోవడం ఖాయం.

వచ్చిన దగ్గర్నుంచి అమ్మ ఏదోలా ఉంది. తాతయ్యకి అన్నీ వేళకి చేస్తోంది గాని ఆయన ముఖంలోకి చూడటం లేదు. ఏమైందో ఒకరోజు వంటింటి తలుపు వెనక నిలబడి విన్నాను. తలుపు వెనక నిలబడటంలో నాకు మంచి ప్రావీణ్యం ఉండేది.

"గోదారి దాటేటప్పుడు కిటికీ పక్కన కూచోపెట్టమన్నాడండీ నాన్న. బయల్దేరే ముందే అడిగాడు. సర్వీసంతా దాటాను గానీ ఒక్కసారీ తిన్నగా చూళ్ళేదమ్మా, కళ్ళు ఎటుపోతాయో ఏంటో, చూసేస్తాను అన్నాడు" అంటోంది అమ్మ.

"చూశారుగా మరి?" అన్నాడు నాన్న.

"ఏం చూశాడు! రాజమండ్రిలో ఆగేటప్పటికి కంట్లో చుక్కలేసే టైమైపోయింది. వేసేసి, కళ్ళు మూసుకునే ఉండు నాన్నా, తెరిస్తే మందంతా కారిపోద్ది అన్నాను. అప్పుడే బ్రిడ్జి ఎక్కేసిందండీ బండి. ఆయన తెరవలేదు. నేను కూచోబెట్టి గడియారం చూస్తన్నాను. బండి చప్పుడు మారింది, మళ్ళీ మామూలైంది. కొవ్వూరు దాటేశాక, అయిపోయిందా అమ్మా అని అడిగాడండీ. చుక్కల గురించనుకున్నాను నేను."

ఆ తర్వాత అమ్మ మాటలు వినబడలేదు, ముక్కు చీదుకోవడమే వినబడింది. మా అమ్మ ఏడవడం నేను అంతకు ముందు ఎరగను. వార్డులో ఎవరు పోయినా ఇంటికొచ్చి అన్నం తిని పడుకునే మనిషి. నాకు భయం వేసింది.

డ్రైవరుకి గోదారి ఎందుకు కనబడదో తాతయ్య నాకు తర్వాత చెప్పాడు. వంతెన ఎక్కగానే చూపు పట్టాల మీదా అవతలి సిగ్నలు మీదా ఉండాలి. పక్కకి తిప్పకూడదు. "నీళ్ళు చూడ్డానికి నాకు జీతమివ్వరు కదమ్మడూ! కింద చప్పుడు మారితే ఆహా, గోదారి అనుకోవడమే" అని నవ్వేవాడు. నవ్వడానికి ఏముందో నాకు తెలిసేది కాదు.

మర్నాడు నాన్న ఆఫీసుకి సెలవు పెట్టి, ఎన్నాళ్ళనుంచో కడుతున్న తన బొమ్మ ఊరిని, చర్చీతో సహా, బల్ల మీంచి పెకలించి పారేశాడు. ప్లైవుడ్ మధ్యలో ఈ అంచు నుంచి ఆ అంచుకి వెడల్పుగా కోసి, అడుగున ఇంకో పలక బిగించి పల్లం చేశాడు. "ఇక్కడ గోదావరి పారుతుంది. మామయ్యగారు ఆసుపత్రిలో చేరేలోపు పారాలి" అన్నాడు. క్రిస్మస్‌కి ముందు సోమవారం పొద్దున్న తాతయ్యకి బెడ్డు ఇస్తామన్నారు. ఆ తారీకు తప్పితే మళ్ళీ ఎప్పటికో. ఆ కంటికి అంత వ్యవధి లేదని అమ్మకి అందరికన్నా బాగా తెలుసు.

అమ్మ పెదవి విరిచింది. "బొమ్మ గోదారి చూపిస్తే సరిపోద్దాండీ?"

"అసలుది ఇక్కడికి రాదు, ఆయన అక్కడికి పోలేడు. నీకు వేరే ఉపాయం ఉంటే చెప్పు."

గుంటూరు మనిషైన నాన్న నదికి రెండు వైపులా పాపికొండలు కట్టబోతుంటే అమ్మ చూస్తూ ఊరుకోలేకపోయింది. "రాజమండ్రి బ్రిడ్జి దగ్గర కొండలెక్కడేడ్చాయండీ? లంకలుంటాయి. ఇసక తిన్నెలుంటాయి. లేవండి, నేను చేస్తాను" అని చీర కొంగు దోపుకుని దిగింది. వార్డులో చెమ్మ తగిలి పక్కన పడేసిన ప్లాస్టరు కట్టు చుట్టలు ఇన్‌చార్జి సిస్టర్ని అడిగి తెచ్చింది. విరిగిన కాళ్ళకి వేసే పిండికట్టు అన్నమాట. నలిపిన పాత పేపర్లు ఉండలు చేసి నన్ను పట్టుకోమని, కట్టుగుడ్డని నీళ్ళలో ముంచి, పిండి, వాటి మీద పరిచి అరచేత్తో నిమిరేది. గుడ్డ అల్లిక మాయమై నున్నటి గట్టు తేలేది. నేను కదిలితే "పేషెంటు కదలకూడదు" అనేది. అన్ని రోజుల తర్వాత అమ్మ ముఖంలో అదే మొదటి నవ్వు.

నా పని మట్టి, చెట్లు. వాడేసిన టీ పొడి ఎండబెట్టి జల్లెడ పడితే గట్టు మట్టి. రంపపు పొట్టుకి ఆకుపచ్చ రంగు కలిపి ఆరబెడితే గడ్డి. బీరకాయ పీచు చిదిపితే తుమ్మ పొదలు. చీపురు పుల్లలకి పచ్చ కాగితం కత్తిరించి అంటిస్తే కొబ్బరి చెట్లు. నాన్న వంతెన కమానులు అట్టతో కోసి బూడిద రంగు వేశాడు. నది అడుగున మధ్యలో ముదురు రంగు, గట్ల వైపు పోను పోను లేత ఇసక రంగు వేస్తే లోతు ఉన్నట్టు కనబడుతుందని చెప్పి, అదే పనిగా చెరిపి చెరిపి వేసేవాడు.

ఇదంతా తాతయ్యకి తెలియకుండా జరగాలి. ఆయన వెనక వాకిట్లో, ఎండ వస్తే ఎండలో, రాకపోతే శాలువాలో కూర్చునేవాడు. బల్ల మీద ఎప్పుడూ దుప్పటి కప్పి ఉండేది. చూపు తగ్గాక ఆయనకి ముక్కూ చెవులూ మరీ చురుకైపోయాయి.

"ఏంటమ్మడూ, ఇంట్లో ప్లాస్టరు వాసనొస్తంది? ఎవరికి కాలిరిగింది?"

"క్రిస్మస్‌కి పశువుల పాక కడుతున్నాం తాతయ్యా."

"పశువుల పాకకి పిండికట్టెందుకే! గాడిదేవన్నా గోడెక్కిందా?"

నేను నోరు మూసుకుని పారిపోయేదాన్ని.

అన్నీ అయ్యాయి, నీళ్ళు మిగిలాయి. గాజుముక్క పెడితే అతికించినట్టుంటుంది, వార్నీషు వేస్తే తడి నేలలా ఉంటుంది. పాత ఢిల్లీ కెమికల్ బజార్లో నాన్న రెజిన్ కొనుక్కొచ్చాడు. రెండు సీసాలు. ఒకటి తేనెలా చిక్కన, రెండోది దాన్ని గట్టిపరిచే హార్డనర్, చేపల వాసన. రెండూ కొలత ప్రకారం కలిపి పోస్తే ఒక రోజులో రాయిలా గట్టిపడి నీళ్ళలా మెరుస్తుందని కొట్టువాడు చెప్పాడు. వెచ్చగా ఉండాలని కూడా చెప్పాడు. డిసెంబరు ఢిల్లీలో ఎక్కడ దొరుకుతుంది వెచ్చదనం? వారం నుంచి పొగమంచు విడవలేదు. ఉతికిన బట్టలు రెండో రోజుకి కూడా తడిగానే ఉంటున్నాయి.

ముందు అమ్మ స్టీలు గిన్నెలో కొంచెం కలిపి చూశాడు నాన్న. చలికి త్వరగా గట్టిపడాలని హార్డనర్ కాస్త ఎక్కువ పోశాడు. మర్నాటికి రాయి కాలేదు సరికదా, నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకొచ్చే రబ్బరు ముద్ద అయి కూర్చుంది. అమ్మ పొయ్యి మీద అరిసెల పాకం తిప్పుతూ తల తిప్పి చూసింది. క్రిస్మస్ అరిసెలవి. ఇల్లంతా బెల్లం, నెయ్యి, దాంతోపాటు ఆ దిక్కుమాలిన చేపల వాసన.

"పాకంలో నెయ్యి ఎక్కువేస్తే త్వరగా గట్టిపడుద్దా ఏంటండీ? దేని కొలత దానిది. నా పులుసు గిన్నె పోయింది" అంది. కాసేపాగి తనే, "సీసాలు రెండూ వేడినీళ్ళలో నిలబెట్టి, అప్పుడు కలుపుదాం. చలికాలం ఇంజక్షను మందులు గడ్డకడితే మేం అలాగే చేస్తాం" అంది.

పోసింది శుక్రవారం పొద్దున. తాతయ్యని పక్క క్వార్టర్ వాళ్ళింటికి టీకి పంపించాం. అమ్మ సూది తీసేసిన పెద్ద సిరంజీలతో కొలిచింది. నాన్న నీలం రంగు కలపబోతే చెయ్యి పట్టుకుంది. "గోదారి నీలంగా ఎప్పుడుందండీ? చలికాలం పచ్చగా ఉంటది, అడుగున ఎరుపు ఆడతా ఉంటది." పచ్చ రంగు ఒక చుక్క, పొడి ఎర్రమట్టి చిటికెడు పడ్డాయి. నాన్న గిన్నె వంచాడు. తేనెలా జారి, లంకల చుట్టూ తిరిగి, స్తంభాలని తడుపుకుంటూ ఆ అంచు దాకా పాకింది. బుడగలు లేస్తుంటే పైఅంతస్తు పంజాబీ ఆంటీ దగ్గర అడిగి తెచ్చిన హెయిర్ డ్రయ్యరుతో నాన్న వాటిని పగలగొట్టాడు. ఆ ప్లైవుడ్ ముక్క మీద నిజంగానే నీళ్ళున్నాయి.

అలా ఎంతసేపు చూశామో గాని, స్తంభం మీద తడి గీత కిందికి దిగడం మొదట నేనే చూశాను. నేల మీద టప్పుమని చుక్క పడింది.

"నాన్నా! గోదారి కారిపోతోంది!"

బల్ల అంచున అడ్డం పెట్టిన పలక పక్కన సందు ఉంది. అందులోంచి తీగలా కారుతోంది. నాన్న అరచెయ్యి అడ్డం పెట్టి, "మైనం! మైనం ఏదైనా!" అని కేకలు. మైనం లేదు. అమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచింది. "ఆంటీ దగ్గర చపాతీ పిండి కలిపి ఉంటది, పో!"

మెట్లెక్కి వెళ్ళేసరికి ఆంటీ పరాఠాలు ఒత్తుతోంది. "ఆంటీ, ఆటా దేదో, జల్దీ!" అని పళ్ళెంతో సహా లాక్కున్నాను. "హాయ్ రబ్బా, క్యా హో గయా?" అంటూ ఆవిడ అప్పడాల కర్ర చేతిలో పట్టుకునే నా వెనక పరిగెత్తుకొచ్చింది. ఎవరికో ఏదో అయిందనుకుని వచ్చిన మనిషి, మా అమ్మ చపాతీ పిండితో గోదావరికి గండి పూడ్చడం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. పిండి మీద అమ్మ ప్లాస్టరు కట్టు వేసింది. కారడం ఆగింది. పోయినంత మేర నాన్న మళ్ళీ కలిపి పోశాడు. ఆంటీ వెళ్ళేటప్పుడు, హీటర్ కూడా పంపుతాను, బేటా, అంది. ఆ రోజు వాళ్ళింట్లో పరాఠాలు ఆలస్యమయ్యాయి.

శనివారం మధ్యాహ్నానికి వేలితో ముట్టుకుంటే తీగపాకం. నాన్న ఆదివారానికి గట్టిపడుతుందిలే అన్నాడు. అంతలో కరెంటు పోయింది. హీటర్ ఎర్రదనం చల్లారి నల్లబడుతుంటే నాన్న ముఖం కూడా అలాగే అయింది. ఆంటీ నిప్పుల కుంపటి తెస్తానంది గాని, "నహీ భాభీజీ, ఆగ్ లగ్ జాయేగీ!" అని, నిప్పంటుకుంటుందని భయపడి నాన్న చేతులు అడ్డం పెట్టాడు. అమ్మ రబ్బరు వేడినీళ్ళ సంచులు తీసింది. క్వార్టర్లలో ఏ నర్సు ఇంట్లో ఎన్నుంటే అన్ని సంచులూ మా ఇంటికొచ్చాయి. గ్యాసు మీద నీళ్ళు కాగడం, సంచులు నింపడం, ప్లైవుడ్ కింద బిగించడం, చల్లారగానే మార్చడం. రెజిన్ వెచ్చబడుతోందో లేదో గాని ఇంట్లో ఒక్కరం కూర్చోలేదు.

ఇంతమంది సంచులు పట్టుకుని తిరుగుతుంటే తాతయ్యకి తెలియకుండా ఎలా ఉంటుంది? "ఎవరికమ్మా వేడినీళ్ళు?" అని గోడ పట్టుకుని లేచాడు. అమ్మకి వేరే అబద్ధం తోచలేదు. "పిల్లకి నాన్నా. చలిజ్వరం." నేను గబగబా మంచమెక్కి రజాయి కప్పుకున్నాను. తాతయ్య వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని చాలా పెద్ద ప్రార్థన చేశాడు. తన కంటి గురించి ఒక్క మాట కూడా లేదందులో. అంతా నా జ్వరం గురించే. ఆమెన్ అన్నాక, "వళ్ళు చల్లగానే ఉందే" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆదివారం అందరూ చర్చికి వెళ్ళినా నాన్న వెళ్ళలేదు. మేము తిరిగొచ్చేసరికి బల్ల పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ సూది మొన గుచ్చి పైకి తీసి చూసింది. సాగింది. "ముదురు తీగపాకం. ఉండపాకం రాలేదు" అంది.

"ఇంకో రెండ్రోజులు ఆగమని ఆసుపత్రిలో అడగలేవా?"

"అడగను. బొమ్మ ఆరలేదని కన్ను పోగొడతానా?"

నాన్న ఆ మాటకి కష్టపెట్టుకున్నాడు. బొమ్మ అంది కదా మరి. ఆ పూట ఇద్దరూ మాట్లాడుకోలేదు. నాకు ఆకలేస్తున్నా ఎవరినడగాలో తెలియక రెండు అరిసెలు దొంగిలించి తిన్నాను.

సోమవారం తెల్లారింది. ఆటో మాట్లాడి పెట్టారు. తాతయ్య ఉతికిన చొక్కా, కోటు వేసుకుని తయారయ్యాడు. అమ్మ సంచీ సర్దుతూ సర్దుతూ ఆగింది. "ఎలా ఉన్నది అలా చూపించేద్దామండీ. ముట్టుకోకుండా ఉంటే చాలు" అంది. నాన్న లేచి, నీళ్ళకి తగలకుండా కర్రల మీద కప్పిన దుప్పటి తీశాడు.

పీట వేసి, తాతయ్యని కూర్చోబెట్టి, అమ్మ రెండు చేతులతో ఆయన తలని వంతెన వైపు తిప్పింది. నాన్న కంట్రోలు పెట్టె ఆయన ఒళ్ళో పెట్టాడు. "మామయ్యగారూ, గోదావరి స్టేషన్లో బండి ఆగుంది. డ్యూటీ మీదే."

తాతయ్య చెయ్యి చాపి గట్టుని తడిమాడు. ప్లాస్టరు తగిలింది. "ఇదా మీ పశువుల పాక!" అన్నాడు. పెట్టె మీద బండి వేగం తిప్పే మరని వేళ్ళతో వెతికి పట్టుకున్నాడు. బండి కదిలింది. ఆయన నడుం నిటారైంది. మలుపు తిరిగి, వంతెన ఎక్కి, కమానుల కిందనుంచి ఊపు లేకుండా, జోరు లేకుండా పోయి, అవతలి గట్టున సరిగ్గా ప్లాట్‌ఫారం ముందు ఆగింది.

"ఎలా ఉంది మామయ్యగారూ?"

"ట్రాక్ చాలా సాపుగా ఉందండీ అల్లుడుగారూ. బండి బాగా లాగుతుంది. ఆయ్."

మేము ముఖాలు చూసుకున్నాం. ఆయన కన్ను మొదట్నుంచీ చివరిదాకా ఇంజనునే పట్టుకుని వెళ్ళింది. ఆ చిన్న గుండ్రంలో ఇంజను ఉంటే నీళ్ళుండవు. బయట ఆటోవాడు హారను కొట్టాడు. అమ్మ కింది పెదవి కొరుక్కుంటోంది.

"నాన్నా, నీళ్ళు చూశావా?"

"బండి నడిపేవాడు నీళ్ళు చూత్తాడా అమ్మా?" అనేసి ఆయన ఆగిపోయాడు. అమ్మ గొంతులో ఏం వినబడిందో మరి, పెట్టె ఒళ్ళోంచి తీసి నా వైపు చాపాడు. "అమ్మడూ, ఇలా రా. నువ్వు నడుపు. ఇవాళ నేను పాసింజర్ని."

నేను నడిపాను, వీలైనంత మెల్లగా. తాతయ్య ఇంజను వైపు చూడలేదు. తలని కొంచెం కొంచెంగా జరుపుతూ ఈ గట్టు నుంచి మొదలుపెట్టాడు. "ఇది ఇసక తిన్నె. ఇది లంక కదూ... కొబ్బరి చెట్లు కూడాను... పచ్చగా ఉన్నాయమ్మా నీళ్ళు. ఎంత లోతో!" ఆయన మాట్లాడుతూంటే అమ్మ ఊపిరి బిగబట్టి వింటోంది. అప్పుడు ఆయన చెయ్యి కోటు జేబులోకి వెళ్ళడం మేమెవరం పట్టించుకోలేదు.

గోదారి మీద బండి పోతుంటే కిటికీలోంచి నీళ్ళలోకి నాణెం విసరడం మన వాళ్ళకి ఉన్న అలవాటే. చర్చికి వెళ్ళేవాళ్ళు కూడా పక్కవాళ్ళు చూడకుండా వేస్తారు. ఇంజన్లో నిలబడ్డవాడికే ఆ వీలు లేదు.

"నాన్నా, వద్దు! ఇంకా ఆరలేదు!"

అమ్మ అరిచేసరికే రూపాయి చేతిలోంచి పోయింది. చప్పుడు కూడా కాలేదు. నాన్న అదిరిపడి అమ్మ సంచీలోంచి పట్టకారులాంటి ఫోర్సెప్స్ లాగాడు. తాతయ్యకి ఇదేమీ తెలియదు. విసిరిన నాణేన్ని ఆయన కన్ను అందుకోలేకపోయింది.

"పడిందా? నీళ్ళలో పడిందా, గట్టు మీద పడిందా?" అని ఆత్రంగా అడుగుతున్నాడు. "దండం కాదమ్మా, ఊరికే పలకరింపు. అందరూ వేసేవోళ్ళు. వెనక పెట్టెల్లోంచి గర్డర్లకి తగిలి టంగుటంగుమనేవి. నేనొక్కణ్ణే ఎప్పుడూ వెయ్యలేదు."

"నీళ్ళలోనే తాతయ్యా. ఇదిగో, ఈ స్తంభం పక్కన" అన్నాను.

ఆయన బల్ల మీదకి వంగి, తల అటూ ఇటూ కదిపి, దాన్ని పట్టుకున్నాడు. రూపాయి ఆ పాకంలో ఏటవాలుగా నిలబడి ఉంది. నాన్న ఫోర్సెప్స్ ముందుకి చాపాడు. ఇప్పుడు తీస్తే గుంట పూడిపోతుంది, ఇంకాసేపాగితే నది పాడైపోతుంది. అమ్మ ఫోర్సెప్స్ ఉన్న ఆ మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. రూపాయి కదిలింది. కొంచెం కొంచెంగా, చూస్తున్నామా ఊహిస్తున్నామా అన్నంత మెల్లగా దిగుతోంది. బయట ఆటోవాడు మళ్ళీ హారను కొట్టాడు. "ఆగమనండి" అంది అమ్మ, గొంతు తగ్గించి. నాన్న వెళ్ళి చెప్పొచ్చాడు. మేము నలుగురం అలాగే ఉన్నాం. అంచు ఒక్కటీ మిగిలి, అదీ మునిగి, పైన నీళ్ళు నున్నగా మూసుకునే దాకా తాతయ్య కన్ను దాన్ని వదల్లేదు.

"మునిగింది" అన్నాడు. తర్వాత లేచి, కోటు సర్దుకుని, "పదండి" అన్నాడు.

ఆపరేషనై కట్టు విప్పాక ఆ కంటికి వెలుగు తెలిసేది, కిటికీ ఎటుందో తెలిసేది. మనుషులు తెలిసేవాళ్ళు కాదు. కొన్నాళ్ళకి కిటికీ కూడా పోయింది. అమ్మ తను చేయగలిగిందంతా చేసింది గాని దాన్ని ఆపలేకపోయింది. మా నది క్రిస్మస్ వెళ్ళాక ఎప్పటికో గట్టిపడింది. క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు బల్ల గుమ్మంలోంచి పట్టక ముక్కలు చేయాల్సొచ్చింది. నాన్న దగ్గరుండి కోయించాడు, అమ్మ ఆ పూట డ్యూటీ వేయించుకుని వెళ్ళిపోయింది.

ఆపరేషను తర్వాత వచ్చిన ఎండాకాలం సెలవులకి సామర్లకోట వెళ్ళాం. సాయంత్రాలు తాతయ్య అరుగు మీద కూర్చుంటే ఆయన ఇంజన్లో బొగ్గు వేసిన ఫైర్‌మన్ ఒకాయన కబుర్లకి వచ్చేవాడు. ఒకరోజు మాటల్లో గోదారి వచ్చింది. తాతయ్య మొదలుపెట్టాడు. చలికాలం నీళ్ళు పచ్చగా ఉంటాయని, అడుగున ఎరుపు ఆడుతుందని. రూపాయి వేస్తే బుడుంగున పోదని, ఏటవాలుగా నిలబడి, మెల్లగా, ఇష్టం లేనట్టు దిగుతుందని, దాని మీద నీళ్ళు మూసుకోవడం ఎంత బాగుంటుందో అని. ఫైర్‌మన్ ఆయన నా వైపు చూసి కళ్ళెగరేశాడు.

"ఊరుకోండి గురువుగారూ! మనం ఇంజన్లో ఉండేవోళ్ళం కదా. మీరెప్పుడు చూశారండీ గోదారిని?" అన్నాడాయన.

"మా అమ్మాయి చూపించిందండీ" అన్నాడు తాతయ్య.

అమ్మ కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఉంది. వాటిని అరుగు మీద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. చాలాసేపటి దాకా బయటికి రాలేదు.